లా పెన్యా కొండకు దారి ఖర్చు

ఆ ఏటి కాఫీ కోతల్లో లా పెన్యా కొండకి నేను ఊళ్లోంచి నాలుగుసార్లు బయల్దేరాను. దారి ఖర్చు మాత్రం పదకొండు ఇళ్ల దగ్గర వసూలు చేశాను, ప్రతి ఇంట్లోనూ పూర్తి ఖర్చు. ఈ లెక్క నన్నెవరూ అడగలేదు. ఐదోసారి ఎవరూ పిలవకుండానే ఎక్కాను. ఆ ఐదోసారి సంగతి చెప్పాలంటే ముందు నాలుగూ చెప్పాలి.

నా పని ఒలుపు మిషన్లు బాగుచేయడం. కాఫీ పండు కోసిన రోజే తోలు ఒలిచి గింజ బయటికి తియ్యాలి. మర్నాటికి ఉంచితే కుప్ప వేడెక్కుతుంది, గింజకి పులిసిన వాసన పట్టుకుంటుంది. కొనేవాడు గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పుకుంటాడు. ధర సగానికి దించేస్తాడు. ఆ వాసన మళ్లీ పోయేది కాదు. కోతల్లో మిషను ఆగిందంటే ఆ ఇల్లు ఆగినట్టే. నన్ను పిలవాలా వద్దా అని ఆలోచించే తీరిక వాళ్లకి ఉండదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మా ఆవిడ ఓర్ఫీలియా ఉన్నన్నాళ్లూ రేట్లు తనే చెప్పేది. మిషను లోపలి రాగి తొడుగు మారిస్తే ఇంత, బేరింగు వేస్తే ఇంత, బిగింపు సరిచేస్తే ఇంత. దారి ఖర్చు వేరు. పెట్రోలుకీ, టైర్ల అరుగుదలకీ, పోయిన సగం పూటకీ కలిపి ఇరవై వేల పెసోలు. కోత మనిషికి అది సగం రోజు కూలి. ఆ ఇరవై వేలూ ఎన్ని ఇళ్లలో పని ఉంటే అన్ని భాగాలయ్యేవి. నన్ను పిలిచిన ఇల్లు రోడ్డు పక్క కంచెకి తెల్ల గోనెసంచి కట్టేది. అది చూసి, మిషనుతో తంటా పడుతున్న ఇరుగుపొరుగూ కట్టేవాళ్లు. నేను తిన్నగా పైదాకా పోయి, సంచులు లెక్కపెట్టుకుని, ఒక్కో ఇంట్లో పని చేసుకుంటూ దిగేవాణ్ణి. నాలుగు సంచులుంటే ఇంటికి ఐదు వేలు. మధ్యాహ్నం నాకు భోజనం పెట్టిన ఇంటికి దారి ఖర్చు ఉండదు. ఇవన్నీ ఓర్ఫీలియా పెట్టిన పద్ధతులు కావు, కొండవే. తను వాటిని తప్పనివ్వలేదు.

ఆ ఏడు ఆగస్టులో తను పోయింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే జీపు రిగోబెర్తోని పిలిచాను. ఆస్పత్రి రెండు గంటల దారి.

"జీపు మొత్తం మాట్లాడుకోవాలి మేస్త్రీ. పది సీట్ల డబ్బు" అన్నాడు.

అడిగినంతా ఇచ్చాను. లా పెన్యా మలుపులో జీపు ఆపాడు. ఇద్దరెక్కారు. తర్వాత ఇంకో ముగ్గురు, రెండు బస్తాలు, ఒక పందిపిల్ల. ఎక్కిన ప్రతివాడి దగ్గరా సీటు డబ్బు తీసుకున్నాడు. లా పెన్యాలో పెద్ద రైతు ఎర్మోహెనెస్, మా ఆవిడ కాళ్లు కాస్త జరపమని నన్ను అడిగి కూర్చున్నాడు. "ఏమైందమ్మా?" అని కూడా అడిగాడు. ఆస్పత్రికి చేరేసరికి నాలుగు గంటలైంది. ఇంకాస్త ముందు తెస్తే బాగుండేదని డాక్టరు అనలేదు.

జీపు మొత్తం ఒకడికి అమ్మి, దాన్నే మళ్లీ సీటు సీటుగా అమ్ముకోవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను.

అక్టోబరులో కోతలు మొదలయ్యాయి. మొదటి ఫోను వచ్చినప్పుడే చెప్పేశాను, ఇకమీదట సంచులు కట్టొద్దు, కావలసినవాళ్లు ఎవరికి వాళ్లు ఫోను చెయ్యండి అని. గోనెసంచులు తాతల నాటి పద్ధతి అన్నాను. అందరూ నిజమే అన్నారు. ఆ తర్వాత ఒక ఇంటికి నేను వెళ్తున్నట్టు పక్క ఇంటికి తెలిసే దారి లేకుండా పోయింది.

మొట్టమొదట ఎర్మోహెనెస్ ఇంటికే వెళ్లాను. బేరింగు మార్చి, చేతులు కడుక్కుని, రేటు చెప్పాను.

"దారి ఖర్చు ఇరవై వేలా? పోయినేడు ఐదిచ్చినట్టు గుర్తే మేస్త్రీ."

"పోయినేడు నలుగురు కలిశారు. ఇవాళ మీరొక్కరే."

"కిన్తేరోల మిషను కూడా గడగడలాడుతోందని విన్నానే?"

"నన్నయితే పిలవలేదు."

కిన్తేరో అన్నదమ్ములు నాకు పొద్దున ఆరింటికే ఫోను చేశారు.

ఎర్మోహెనెస్ పొట్ట కదిలేలా నవ్వాడు. "పిలవరు. ఆ అన్నదమ్ములకి మేకు కావాలంటే పక్కింటి గోడలోంచి పీక్కుంటారు. ఇదిగో, తీసుకో. ఓర్ఫీలియా గారి సంగతి మాత్రం చాలా బాధేసింది మేస్త్రీ."

డబ్బు జేబులో పెట్టుకున్నాను.

ఇంజను వెయ్యకుండా బండిని రోడ్డు మీదికి తోసుకొచ్చాను. ఆ కొండ మీద కాఫీ చెట్లూ అరటిచెట్లూ దారిని కప్పేసి ఉంటాయి. ఇళ్లలోంచి రోడ్డు కనపడదు. బండి చప్పుడు మాత్రం వినపడుతుంది. కింద వంతెన దాకా బండిని అలాగే జారనిచ్చాను. అక్కడ గట్టు మీద కూర్చుని ఒక సిగరెట్టు కాల్చాను. తర్వాత ఇంజను వేసి, అవసరం లేకపోయినా రెండు మూడుసార్లు గట్టిగా మోత పెట్టి, ఊళ్లోంచి అప్పుడే వస్తున్నవాడిలా కిన్తేరోల ఇంటికి ఎక్కాను.

"పొద్దున పెద్దాయనింటికి ఏదో బండి వచ్చినట్టుంది, మీరు కాదా?" అన్నాడు చిన్న కిన్తేరో.

"పాలవాడేమో."

"పాలవాడు గాడిద మీద కదా వస్తాడు?"

"అయితే గాడిద దగ్గిందేమో చూసుకో" అన్నాను. పెద్దవాడు పడీపడీ నవ్వాడు. ఇద్దరూ కలిసి ఇరవై వేలిచ్చారు.

ఆ వంతెన దగ్గర కూర్చున్నప్పుడు నాకు సిగ్గనిపించలేదు. ఆకలి మీద అన్నం తిన్నవాడిలా ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు సిగ్గు.

నెలాఖరుకి బెలార్మినా కబురు పెట్టింది. ఆమెకి మొగుడు లేడు, పిల్లలు లేరు, ఫోను కూడా లేదు. ఎర్మోహెనెస్ ఇంటి నుంచి చేయించింది. ఉన్నది ఎకరన్నర తోట. ఇద్దరు కూలీలతో కలిసి తనూ కోస్తుంది. మిషను చేత్తో తిప్పేది, నాకంటే పెద్ద వయసుది. నేను వెళ్లేసరికి పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. కర్రపెండలం, అరటికాయ వేసి చిక్కగా కాచిన సాంకోచో. ఆ వాసన గేటు దాకా వచ్చింది.

"కూర్చోండి మేస్త్రీ, ముందు తినండి. మిషను ఎక్కడికీ పారిపోదు" అంది.

"కోడిని ఎందుకు కోశారు?"

"గుడ్లు మానేసింది. మీరొస్తున్నారని తెలిసి మానేసినట్టుంది, దాని ఖర్మ."

వంటింటి రేకులకి చిల్లులు. మూడు చోట్ల డబ్బాలు పెట్టి ఉన్నాయి. మొదటి గరిట వడ్డిస్తూ ఆమె పైకి చూపించింది. "ఈ కోత అయిపోగానే రేకులు మారుస్తాను. పోయిన వానకి మంచాన్ని మూడుసార్లు జరిపాను. ఇంక జరపడానికి మూలలు లేవు."

రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. తర్వాత మిషను విప్పాను. తిరిగే డొల్లకీ ఎదుటి పలకకీ మధ్య సందు సరిచేశాను. సందు ఎక్కువైతే పండు ఒలవకుండా జారిపోతుంది, తక్కువైతే గింజ నలిగిపోతుంది. గంటలో అయిపోయింది.

"బిగింపుకి ముప్పై. దారి ఖర్చు ఇరవై" అన్నాను.

"భోజనం..." అని ఆగిపోయింది.

ఆ మాట పూర్తి చేసి ఉంటే నేనేమనేవాణ్ణో తెలీదు. గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. మడతలు పోయేలా ఎక్కడో బరువు కింద పెట్టి దాచుకున్న నోట్లు.

"సాంకోచో బాగుందా?" అని అడిగింది, ఇచ్చేస్తూ.

"ఉప్పు తక్కువైంది."

"ఈసారి చూసుకుంటాను" అంది.

ఉప్పు సరిగ్గానే ఉంది.

మా అమ్మాయి నీడియాకి అప్పటికి పంతొమ్మిదేళ్లు. తల్లి పోయాక ఆ ఇంట్లో పగలంతా ఉండలేనని, ఎర్మోహెనెస్ తోటలో కోతకి వెళ్లేది. సోమవారం పోయి, కోతవాళ్ల పాకలో పడుకుని, శనివారం దిగేది. నవంబరు మొదటి శనివారం వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, మొక్కజొన్న రొట్టె తుంచుతూ అంది.

"నాన్నా, పైన కోతవాళ్లు పందెం కాస్తున్నారు."

"దేని మీద?"

"నీ బండి ఒక రోజులో వంతెన దగ్గర ఎన్నిసార్లు ఆగుతుందని. గురువారం నేనే గెలిచాను. మూడు అన్నాను."

ఇళ్లలోంచి దారి కనపడదని చూసుకున్నాను గాని, తోట పైగట్టున నిలబడి కోసేవాళ్లకి వంతెన అరచేతిలో ఉన్నట్టు కనపడుతుందని నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఆ కొండకి తిరుగుతున్నాను. ఒక్కరోజూ బుట్ట కట్టుకుని కోసింది లేదు.

"నేను నీ నాన్ననని వాళ్లకి తెలుసా?"

"తెలుసు. అందుకే ముందు నన్నే చెప్పమంటారు. నీ అలవాట్లు నాకు తెలుస్తాయని."

"రిగోబెర్తో మనకేం చేశాడో మర్చిపోయావా?" అన్నాను. నా గొంతు పెరిగింది. "ఆ ఎర్మోహెనెస్ ఎక్కడ కూర్చున్నాడో మర్చిపోయావా? మీ అమ్మ కాళ్లు జరిపించి మరీ..."

"ఎలా మర్చిపోతాను? అమ్మ తల నా ఒళ్లోనే ఉంది." రొట్టె పక్కన పెట్టింది. "బెలార్మినా ఆ జీపులో లేదు కదా నాన్నా."

"బెలార్మినా నీకేం చెప్పింది?"

"ఆవిడ ఏమీ చెప్పలేదు. సాంకోచోలో ఉప్పు ఎక్కువ పడిందా తక్కువ పడిందా అని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ రుచి చూపిస్తోంది."

నేను లేచి వీధిలోకి వెళ్లిపోయాను. ఆదివారం పొద్దున్నే నీడియా బట్టలు ఉతుక్కుని, తడివి తడిగానే సంచిలో పెట్టుకుని, ఒకరోజు ముందే కొండకి వెళ్లిపోయింది. ఆ తర్వాతి శనివారం దిగలేదు.

నవంబరు మధ్యలో నాలుగు రోజులు వాన పట్టి, ఆపైన ఎండ కాసింది. అలాంటప్పుడు కొండంతా ఒక్కసారిగా పండుతుంది. ఏడాది కష్టమంతా ఆ పది రోజుల్లో చేతికి రావాలి. బుధవారం పదింటికి దుకాణంలో ఉన్నాను. గుమ్మంలో నీడియా నిలబడింది. కాఫీ బస్తాల జీపులో దిగి వచ్చింది. వేళ్లు జిగురు పట్టి నల్లగా ఉన్నాయి.

"బెలార్మినా మిషను నిన్న పొద్దున ఆగిపోయింది" అంది.

"నాకెవరూ ఫోను చెయ్యలేదే."

"చెయ్యదు."

"ఎర్మోహెనెస్ మిషను ఉందిగా."

"ఆయన పండ్లే ఒలిచి తెమలడం లేదు. రాత్రి రెండు బస్తాలు మాత్రం ఒలిపించి పెట్టాడు. నిన్నవి ఇంకా ఆరున్నాయి. ఇవాళ కోసినవి వేరే." వీధి వైపు తిరిగింది. "నీకు చెప్పమని నన్నెవరూ పంపలేదు."

ఇంతలో బయట జీపు హారన్ కొట్టింది. నీడియా వెళ్లి ఎక్కేసింది.

రాగి తొడుగు కొత్తది ఒకటి, మరలు, రెంచీలు సంచిలో వేసుకున్నాను. వంతెన దాటేటప్పుడు తలెత్తలేదు. పైగట్టున ఎవరో ఈల వేశారు.

బెలార్మినా వాకిట్లో పండ్లు కుప్పపోసి ఉన్నాయి. దగ్గరికి వెళ్లక ముందే పులిసిన సిర్కా వాసన కొట్టింది. ఇద్దరు ఆడవాళ్లు రోట్లో పండ్లు పోసి గింజ నలక్కుండా పైపైన దంచుతున్నారు. బెలార్మినా పీట మీద కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో నొక్కి ఒలుస్తోంది. బొటనవేళ్ల తోలు లేచిపోయి ఉంది. చుట్టుపక్కల తోటల్లో కోసేవాళ్లు కూడా పది మంది దాకా మధ్యాహ్నం విరామంలో వచ్చి చెయ్యి వేశారు. ఎర్మోహెనెస్ కూడా మోకాళ్ల మీద కూర్చుని ఏరుతున్నాడు. నీడియా వాళ్లలో ఉంది.

"నేను పిలవలేదు మేస్త్రీ" అంది బెలార్మినా, లేవకుండా.

"తెలుసు."

"దారి ఖర్చు నా దగ్గర లేదు."

"నేను అడగలేదు."

"ఇప్పుడు అడగరు లెండి. చేతులు కడుక్కున్నాక అడుగుతారు."

వెనక నుంచి ఒక కోతమనిషి, "తిన్నగా వచ్చావా మేస్త్రీ, వంతెన దగ్గర సిగరెట్టు అయ్యాక వచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు, "ఈసారి పందెం పోయింది, ఒక్కసారి కూడా ఆగలేదు" అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. నీడియా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మిషను విప్పాను. పలకని పట్టి ఉంచే మర జారిపోయి సందు పెరిగింది. ఆమె చేపల డబ్బా రేకు కత్తిరించి, మడిచి, ఆ సందులో కూరింది. పాపం ఒక పూట బాగానే తిరిగి ఉంటుంది. తర్వాత ఆ రేకు లోపలికి పోయి రాగి తొడుగుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చీరేసింది.

ఒకటి చెప్పాలి. ఇది నేను నీడియాకి కూడా చెప్పలేదు. ఆ మర అరిగిపోయిందని కోడి తిన్న రోజే చూశాను. అప్పుడు నా సంచిలో అలాంటివి పన్నెండున్నాయి. మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. నెలలోపు జారుతుంది, మళ్లీ పిలుస్తుంది, ఇంకో దారి ఖర్చు వస్తుందని అలాగే బిగించి వదిలేశాను.

తొడుగు మార్చాను, మర మార్చాను, మిగతా మరలూ మార్చాను. రెండు గంటలు పట్టింది. బెలార్మినా చక్రం తిప్పి చూసింది. తోలు ఒక పక్కకి, గింజ ఒక పక్కకి శుభ్రంగా పడ్డాయి. ఆ రోజు కోసినవి దక్కాయి. నిన్నటి ఆరు బస్తాల్లోంచి ఆమె ఒక గుప్పెడు తీసి వాసన చూసింది. నాకు చూపించలేదు.

"రేకులు వచ్చే ఏడు చూసుకోవాలి" అని పక్కావిడతో అంది, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "ఎంత మేస్త్రీ?"

"ఏమీ వద్దు."

రోటి దగ్గర దంచేవాళ్లు చెయ్యి ఆపారు.

"వద్దంటే ఎలా? ఆ తొడుగు ఖరీదు నాకు తెలుసు."

"నా ఇష్టంతో వేశాను బెలార్మినా గారూ. వద్దు."

"మరి ఈ ఖరీదు ఇంకెవరి మీద వేస్తారు?" అంది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "కిన్తేరోల మీదా? వాళ్లు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఊరికే ఇస్తున్నానంటే నమ్మే మనిషి ఆ వాకిట్లో ఒక్కరు లేరు. నమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని అంతమందిలో ఒక్క మొహం వెతుక్కున్నాను. నీడియా కింద చూస్తూ గింజలు ఏరుతోంది.

ఎర్మోహెనెస్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. టోపీ తీశాడు. "పాతలాగే చేద్దాం. మేస్త్రీ కొండకి వచ్చాడు, కొండ ఇచ్చుకుంటుంది" అన్నాడు. ముందు తనే అందులో డబ్బు వేశాడు. నా వైపు చూడలేదు. ఆ మనిషి మీద మూడు నెలలుగా మోస్తున్న కోపం ఆ క్షణాన చేతికందలేదు. అది కూడా పోయినందుకు ఒంటరివాణ్ణయ్యాను.

టోపీ చేతులు మారింది. కోతవాళ్లు నడుముకి కట్టిన గుడ్డ సంచుల్లోంచి తీసి వేశారు. వెయ్యి, రెండు వేలు, చిల్లర నాణేలు. పందెం మాట అన్నవాడూ వేశాడు. రోటి దగ్గర ఆడవాళ్లు చేతులు తుడుచుకుని వేశారు. నీడియా దగ్గరికి వచ్చింది. తను జిగురు వేళ్లతో జేబులో వెతికి, రెండు వేల నోటు తీసి, అందరిలాగే వేసి, పక్కవాడికి అందించింది. తన వంతు, అందరితో సమానంగా.

టోపీ నా ముందు ఆగింది.

"లెక్క చూసుకోండి" అంది బెలార్మినా.

చూసుకోలేదు. వద్దని ఇంకోసారి అనగలిగేవాణ్ణే. అంటే ఆ టోపీ పట్టుకుని అందరూ ఇంకాసేపు అలాగే నిలబడేవాళ్లు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. టోపీ తిరిగి ఇచ్చాను. "దేవుడు మేలు చెయ్యాలి" అన్నాడు ఎర్మోహెనెస్, అందరికీ అనే మాటే.

అప్పటికి మబ్బు కమ్మింది. కోతవాళ్లు మళ్లీ బుట్టలు కట్టుకుంటున్నారు. బండి దగ్గరికి వచ్చి, వెనక సీటు మీది మట్టి చేత్తో తుడిచాను.

"నీడియా, ఎక్కమ్మా. ఇంటికి పోదాం. వానొచ్చేలా ఉంది."

ఆమె నడుముకి బుట్ట తాడు ముడి వేసుకుంటోంది. తలెత్తింది.

"కిందిదాకా ఎంత నాన్నా?"

ఎకసెక్కం లేదు ఆ గొంతులో. కోపమూ లేదు. దారిన పోయే బండిని ఆపి అడిగినట్టు అడిగింది, అంతే. చెబుతానేమోనని కాసేపు నిలబడింది కూడా.